అక్షరాలు పెద్దవైన రోజు

మంగళవారం పొద్దున కంప్యూటర్లో ఎడిటర్ తెరిచాను. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి.

కాస్త పెద్దవి కావు. నిన్నటిదాకా ఒక వంశం మొత్తం తెరలో పట్టేది. ఇవాళ ఒక తాత, ఆయన ముగ్గురు కొడుకులు కనబడేసరికి తెర నిండిపోయింది. నేను మార్చలేదు. మా కొండల దేశపు రాజధాని బిష్కెక్‌లోని ఈ ఫ్లాట్‌లో నేను తప్ప ఎవరూ లేరు. రెండో తాళంచెవి నా భర్త ఎర్నిస్ దగ్గరుంది. ఎర్నిస్ కనబడకుండా పోయి ఏడాది కావస్తోంది.

చేతిలో ఉన్న టీ కప్పు ఎక్కడ పెట్టానో తరవాత వెతుక్కోవాల్సి వచ్చింది.

మా ఎడిటర్ సెట్టింగుల్ని రెండు మెషీన్లు పంచుకుంటాయి. ఒకటి నా ముందున్న ఈ పాత కంప్యూటర్. రెండోది ఎర్నిస్ ల్యాప్‌టాప్. ఒకదాంట్లో ఏదైనా మారిస్తే, ఇంటర్నెట్ తగలగానే రెండోదాంట్లోనూ మారుతుంది. ఆ ల్యాప్‌టాప్ ఎర్నిస్‌తోపాటే పోయింది.

అంటే ఎక్కడో, ఎవరో, దాన్ని తెరిచారు.

మా పని వంశావళులు తయారుచెయ్యడం. ఏడు తరాల తాతల పేర్లు తడుముకోకుండా చెప్పలేనివాణ్ణి మా దగ్గర మనిషి కింద జమకట్టరు. అందుకే ముసలివాళ్లు పోయేలోగా పేర్లన్నీ పుస్తకంగా వేయించుకోవాలని ఊళ్లలో ఆత్రం. ఎర్నిస్ కొండలన్నీ తిరిగి పెద్దవాళ్ల చేత చెప్పించుకొచ్చేవాడు. కొన్ని అక్కడే తన ల్యాప్‌టాప్‌లో కొట్టేవాడు; అవి దిద్ది, మిగతావి నేను టైపు చేసేదాన్ని.

అందులో నాకో ఇబ్బంది ఉండేది. నన్ను పెంచింది మా అమ్మమ్మ. అత్తింటివాళ్ల పేర్లు కోడలి నోట రాకూడదన్నది ఆవిడ నేర్పిన మొదటి సంగతి. మామగారి పేరే కాదు, మరిది పేరు కూడా. నోటితో అననిది వేళ్లతో మాత్రం ఎలా కొడతాను? ఎర్నిస్ కొన్నాళ్లు నన్ను ఏడిపించి, ఆఖరికి సెట్టింగుల్లో ఒక వరస రాశాడు. నేను ‘ఇంటిపెద్ద’ అని కొడితే చాలు, ఆ మాట చెరిగిపోయి దాని చోట మామగారి అసలు పేరు పడుతుంది. మరిదికి ‘చిన్నదొర’. మామగారి పెదనాన్న కొడుక్కి ‘ఎర్రగుర్రం’. పాపం నాది కాదు, మెషీన్‌ది. ఇక్కడ కూడా వాళ్లని అలాగే పిలుస్తాను.

ఎడిటర్ తన సామాను ఎక్కడెక్కడ దాచుకుంటుందో కూడా ఎర్నిసే చెప్పాడు. నేనొకసారి అక్కర్లేని ఫోల్డరనుకుని ఒకదాన్ని చెరిపేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

“మన ఉన్ని గుడారం లాంటిదే, బురుల్,” అన్నాడు. “సెట్టింగులు గుమ్మానికి ఎదురుగా పేర్చుకునే పరుపుల దొంతర. వలస వెళ్లేటప్పుడు ముందు గుర్రమెక్కేది అదే. అది ఎక్కడ దింపితే ఇల్లు అక్కడ. డేటా నీ వంటవైపు. సగం పిసికిన పిండి, మూతపెట్టిన పాలు, వచ్చినవాళ్లకి చూపించనివి. జరిగిందల్లా రాసుకునే లాగ్ బయట పారబోసిన బూడిద. దాన్నెవడూ మోసుకెళ్లడు. కానీ ఆ పూట ఎవరొచ్చారో, ఏం వండారో తెలియాలంటే దాన్నే కెలకాలి.”

మూడూ మూడు చోట్ల, దాచిన ఫోల్డర్లలో ఉంటాయి. వాటిలో ప్రయాణం చేసేవి సెట్టింగులు మాత్రమే. డేటా, లాగ్ ఏ మెషీన్‌వి ఆ మెషీన్‌లోనే ఉండిపోతాయి.

నా బూడిద కెలికాను. ఆఖరి వరసల్లో ఉంది. నిన్న సాయంత్రం సెట్టింగుల ఫైలు బయటినుంచి వచ్చి చేరింది. అంతవరకే. ఎవరు మార్చారో, ఎక్కడ కూర్చుని మార్చారో చెప్పే బూడిద అవతలి మెషీన్‌లో ఉంది.

నిరుడు అక్టోబరులో ఎర్నిస్ అత్‌బాషీ నుంచి తిరిగొస్తున్నాడు. మామగారి ఇల్లు అక్కడే. కనుమ మీద ఆ ఏటి మొదటి మంచు పడింది. కారు లోయలో, నదిలో దొరికింది. మనిషి లేడు. సంచి లేదు. డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది.

ఆ తెరిచిన తలుపుని పట్టుకుని నేను ఏడాది బతికాను. మొగుడు పోయినవాళ్లు ఏడాదిపాటు కట్టుకునే నల్ల తలగుడ్డ కట్టుకోలేదు. ఎర్నిస్ చలికాలపు బూట్లకి కొత్త అడుగు వేయించి గుమ్మం దగ్గర పెట్టాను. మే నెలలో ఎర్రగుర్రం మామ చెప్పాపెట్టకుండా వస్తే ఆయనకీ చూపించాను. ఆయన సాయంత్రందాకా కూర్చుని టీ తాగాడు, గుర్రాల గురించి, కొండమీద గడ్డి గురించి మాట్లాడాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. వయసు మీదపడిందనుకున్నాను.

అత్తింటివాళ్లు మాత్రం ఎర్నిస్‌ని వదిలేశారు. వేసవిలో చిన్నదొర ఫోన్ చేసి, “వదినా, రాయి పెట్టించాం,” అన్నాడు. ఖాళీ నేల మీద సమాధిరాయి నిలబెట్టారా అని ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు ఈ శనివారం సంవత్సరీకం పెట్టుకున్నారు. విందుకి కొయ్యడానికి గుర్రం కూడా సిద్ధంగా ఉందట. దానికి వెళ్లి కూర్చున్నానంటే ఎర్నిస్ లేడని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే. రానని చెప్పేశాను.

నాకు శనివారంలోగా తెలియాలి. ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నది ఎవరు?

మా పుస్తకాలకి అట్టలు వేసే చోల్పోన్ మధ్యాహ్నం కాగితాల కట్టతో వచ్చింది. తెర చూపించాను.

“దెయ్యాలకి చత్వారం వస్తుందని నాకు తెలీదు,” అంది.

“వేళాకోళం వద్దు.”

“మీ ఆయన కళ్లు గద్ద కళ్లు. ఆయనకింత అక్షరాలెందుకే? ఎవడో దొంగ అమ్మేసి ఉంటాడు. బజార్లో కొన్నవాడెవడో తెరిచాడు.”

“కొన్నవాడు ముందు అన్నీ తుడిచేస్తాడు. సెట్టింగులు ఉంచుకోడు.”

“అయితే ఎర్నిస్ ఎక్కడో కొండల్లో గొర్రెలు కాసే పిల్లని కట్టుకుని, చూపు మందగించి, నీ కంప్యూటర్లో అక్షరాలు పెంచుతున్నాడంటావు.”

“కట్టుకున్నా సరే,” అన్నాను. “ఉంటే చాలు.”

చోల్పోన్ కాగితాలు బల్ల మీద పెట్టి, అక్కర్లేకపోయినా వాటి అంచులు సరిచేస్తూ కూర్చుంది.

అవతలి మెషీన్‌ని నేను చూడలేను. కానీ సెట్టింగులు రెండువైపులా నడుస్తాయి. అక్కడ మార్చింది నాకు కనబడితే, ఇక్కడ నేను మార్చింది అక్కడ కనబడుతుంది. తెర వెనకరంగు నీలం చేశాను. పొద్దుటిపూట సోంగ్‌కోల్ సరస్సు ఉండే రంగు. ఎర్నిస్‌కి అదే ఇష్టం. నేనే గోల చేసి తెలుపు పెట్టించాను.

బుధవారం పొద్దునకి తెర తెల్లగా ఉంది.

మళ్లీ నీలం చేశాను. మధ్యాహ్నానికి మళ్లీ తెలుపు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అవతల ఉన్నది మనిషే. మొండిమనిషి. ఎర్నిస్‌తో రంగుల మీద ఇలాగే పోట్లాడేదాన్ని. ఇప్పుడు నా రంగు తను పెట్టి, తన రంగు నన్ను పెట్టమంటున్నాడా?

సాయంత్రం ఇంకో సంగతి చూశాను. ‘ఇంటిపెద్ద’ వరస మాయమైంది. మిగతావన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. ఆ వరస ఎందుకుందో ఈ లోకంలో తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను తియ్యలేదు. దొంగకి దాంతో పనేముంది? తండ్రి మీద కోపం వచ్చిందా? ఇంటికి వెళ్లొద్దని నాకు చెబుతున్నాడా? మాట్లాడలేని చోట చిక్కుకుని, దొరికిన ఒక్క దారిలో సైగ చేస్తున్నాడా?

ఊహలు చాలనుకున్నాను. ఉచ్చు పన్నాను.

వంశావళిలో ప్రతి వరసలోనూ ఒక మాట ఉంటుంది. ఫలానావాడి కొడుకు ఫలానావాడు. ‘కొడుకు’ లేకుండా ఏ పేజీ ముందుకు కదలదు. అవతల ఉన్నది ఎర్నిస్ అయితే, ఎడిటర్ తెరిచాక ఆ మాట కొట్టకుండా ఒక్క పూట ఉండలేడు. సెట్టింగుల్లో కొత్త వరస రాశాను. ‘కొడుకు’ అని కొడితే ఆ మాట పోయి, దాని చోట నా ఫోన్ నంబరు, పక్కన ‘ఫోన్ చెయ్యి’ అని పడుతుంది.

ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. స్నానానికి కూడా లేవలేదు.

గురువారం పొద్దున పదింటికి మోగింది. నేను సేవ్ చేసుకున్న నంబరు కాదు, ఏదో ఊరి లాండ్‌లైన్. ఎత్తాను.

“ఎవరండీ మాట్లాడేది?” ముసలి గొంతు, చిరాగ్గా. “నేను కొడుకు అని రాయబోతే ఆ మాట పోయి మీ నంబరు పడుతోంది. పొద్దుటినుంచి ఇదే గోల. ఒక్క కొడుకునీ రాయనివ్వట్లేదు. దీన్నెలా ఆపాలో చెప్పండి.”

ఆ గొంతు నాకు తెలుసు. జిల్లా పత్రికలో పేజీలు దిద్ది రిటైరైన మనిషిది. కళ్లద్దాలు పెట్టుకున్నా పేపరు చెయ్యి చాపి చదివే మనిషిది.

“మామయ్యా,” అన్నాను. “నేను, బురుల్‌ని.”

అవతల కుర్చీ కిర్రుమంది.

“నువ్వా, బిడ్డా.”

“ఆ ల్యాప్‌టాప్ మీకెక్కడిది?”

“ఎక్కడిదేంటి? మేలో దొరికింది కదా. నీ దగ్గరికి మనిషిని పంపాం కదా.”

“ఎర్రగుర్రం మామ వచ్చారు. టీ తాగి వెళ్లారు.”

ఆయన ఊపిరి వినబడుతోంది. గోడగడియారం కొట్టుకోవడం కూడా.

“నీకేమీ చెప్పలేదా?”

“దేని గురించి, మామయ్యా?”

“బయల్దేరి రా, బిడ్డా. ఇప్పుడే బయల్దేరు. ఇది ఫోన్లో అయ్యే మాట కాదు.”

మా దగ్గర పెద్ద కబురు ఫోన్లో చెప్పరు. మంచిదైనా, చెడ్డదైనా. కన్నవాళ్లు కూడా చెప్పరు. ఇంకో పెద్దమనిషి ఎదురుగా కూర్చుని చెప్పాలి. ‘మంచిదైనా’ అన్న ఆ ఒక్క మాటనే పట్టుకుని బట్టలు సర్దాను. ల్యాప్‌టాప్ దొరికింది. మనిషీ దొరికాడేమో. మంచంలో ఉన్నాడేమో. ఎవరినీ గుర్తుపట్టని స్థితిలో ఉన్నాడేమో. అందుకే దాచారేమో. సంచిలో పైన బూట్లు పెట్టాను.

టాక్సీల స్టాండు దాకా చోల్పోన్ వచ్చింది. “బూట్లెందుకే?” అంది.

“అక్కడ చలి.”

తను సంచి మూతి సర్ది నా ఒళ్లో పెట్టింది.

కనుమ మీద టాక్సీ నెమ్మదించింది. కింద నది సన్నగా మెరుస్తోంది. నిరుడంతా ఈ దారిలో వస్తే కళ్లు మూసుకుంటానేమోననుకునేదాన్ని. మూసుకోలేదు. ఈ వాలు మీద మనిషి ఎక్కగలడా అని చూశాను. ఎక్కగలడనిపించింది.

అత్‌బాషీ చేరేసరికి పొద్దు వాలుతోంది. మామగారి పెరట్లో తెల్లటి ఉన్ని గుడారం వేసి ఉంది. పొయ్యిల మీద పెద్ద పెద్ద మూకుళ్లు. చిన్నదొర ఎదురొచ్చి నా చేతిలో సంచి అందుకున్నాడు. మూతిలోంచి బూట్ల మడమలు కనబడుతున్నాయి. అవి చూసి సంచిని మెల్లిగా నేల మీద పెట్టేశాడు, మొయ్యలేనట్టు.

అప్పుడే నాకు తెలిసిపోయింది. కానీ తెలిసిపోవడం వేరు, వినడం వేరు.

నన్ను గుడారంలో కూర్చోబెట్టారు. ఇద్దరు ఆడవాళ్లు రెండువైపులా చేరి నా మోచేతులు పట్టుకున్నారు. అలా పట్టుకున్నారంటే ఏ కబురో చిన్నపిల్లకి కూడా తెలుసు. ఎర్రగుర్రం మామ నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఈసారి గుర్రాల గురించి మాట్లాడలేదు.

“మే నెలలో నది ఒడ్డున ఎర్నిస్ దొరికాడు, బిడ్డా. తాతల పక్కన మట్టిచేశాం. నీకు చెప్పి తీసుకురమ్మని నన్ను పంపితే, చెప్పకుండా తిరిగొచ్చాను.”

మోచేతులు పట్టుకున్న చేతులు బిగిశాయి. నేను పడిపోలేదు.

“ఎందుకు చెప్పలేదు?”

“బూట్లు చూపించావు. కొత్త అడుగు వేయించానన్నావు. ఈ చలికాలానికి గట్టిగా ఉంటాయి కదా మామా అని నన్నే అడిగావు.” ఆయన టోపీని తిప్పుతూనే ఉన్నాడు. “నోరు రాలేదు. ఇక్కడికొచ్చి చెప్పానన్నాను. ఆరోగ్యం బాగాలేక రాలేనందన్నాను.”

వేసవంతా మామగారు, మొగుణ్ణి మట్టిచేస్తుంటే రాని కోడలి మీద కోపం దిగమింగుకున్నారు. వేసవంతా నేను, ఖాళీ నేల మీద రాయి పెట్టినవాళ్ల మీద పళ్లు కొరికాను. ఫోన్లో మాట్లాడుకున్నప్పుడల్లా అసలు మాట పక్కనించి తప్పుకుని నడిచాం, అదే మర్యాద అనుకుని. రెండిళ్ల కోపమూ ఈ ఒక్క మనిషి గొంతులో ఇరుక్కుపోయింది. ఆయన్ని తిడదామనుకున్నాను. ఆయన చేతిలో టోపీ అంచు చిరిగిపోయేలా ఉంది. తిట్టలేకపోయాను.

తలుపు ఎర్నిసే తెరుచుకున్నాడని చిన్నదొర తర్వాత చెప్పాడు. కారులోంచి బయటపడి, సంచి వీపున తగిలించుకుని వాలు ఎక్కాడు. సగం దూరంలో ఉండగా పైనుంచి మంచు జారి మళ్లీ కిందికి ఈడ్చుకుపోయింది. కరిగాక ఒక గొర్రెలకాపరికి కనబడ్డాడు. నది దాటేటప్పుడు వాడే రబ్బరు సంచి అది, లోపలున్న ల్యాప్‌టాప్‌కి చుక్క నీరు తగల్లేదు. నా తెరిచిన తలుపు అబద్ధం కాదు. కాకపోతే నేను అనుకున్నంత దూరం తీసుకెళ్లలేదు.

ఆ సాయంత్రం నల్ల తలగుడ్డ కట్టుకున్నాను, మొదటిసారి.

శుక్రవారం పొద్దున మామగారు ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎర్నిస్ మొదలుపెట్టి వదిలేసిన మా సొంత వంశావళి అందులో ఉందట. కొడుకు పని సగంలో ఆగిపోకూడదని వేసవి నుంచీ కూర్చుని పూర్తిచేస్తున్నారట. ఆ ఇంట్లో ఇంటర్నెట్ లేదు. సంవత్సరీకానికని చిన్నదొర వచ్చి, సోమవారం తన ఫోన్ నుంచి అందరికీ ఇచ్చాడు. ఎప్పుడో ఎండాకాలంలో పెద్దవైన అక్షరాలు ఆ సాయంత్రం బయల్దేరి నాదాకా వచ్చాయి.

“నీలం మీద నాకు కనబడదు, బిడ్డా. తెలుపు చేస్తాను, మళ్లీ నీలమైపోతుంది. ఈ మెషీన్‌కి పిచ్చెక్కిందనుకున్నాను.”

“అది నేనే, మామయ్యా.”

“ఇంకోటి. మా తాతని ఇంటిపెద్ద అని రాయబోతే అక్కడ నా పేరు పడుతోంది. నాకు నేనే తాతనైపోయాను. ఆ వరస తీసేశాను. వాడు అదెందుకు పెట్టాడో?”

చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

“ఇన్ని పుస్తకాలు చేశారు. ఒక్కసారీ నా పేరు కొట్టలేదా నువ్వు?”

“లేదు.”

“ఇక నుంచి కొట్టు. నేనేమీ అనుకోను.”

“నేను అనుకుంటాను, మామయ్యా.”

ఆయన భుజాలు కొంచెం కదిలాయి. నవ్వారో ఏమో నాకు కనబడలేదు.

ముందు లాగ్ తెరిచాను. నిరుడు అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఎర్నిస్ ఎడిటర్ మూశాడు. ఆ తర్వాతి వరస జూన్‌ది. మధ్యలో చలికాలమంతా ఒక్క వరస లేదు. ఇలాంటి బూడిద నేనెప్పుడూ చూడలేదు.

వంశావళి తెరిచాను. ఏడు తరాలు మెట్లుమెట్లుగా దిగొచ్చి ఎర్నిస్ దగ్గర ఆగాయి. ఎర్నిస్ పేరు, పుట్టిన సంవత్సరం, పక్కన గీత, గీత పక్కన బురుల్.

నా పేరు. మా వంశావళుల్లో ఆడవాళ్ల పేర్లుండవు. నేను టైపు చేసిన వేల పేర్లలో ఒక్క ఆడదాని పేరు లేదు.

“ఇది మీరు రాశారా?”

మామగారు ఇటు తిరగలేదు. డేటా ఫోల్డరు సంగతి గుర్తొచ్చింది. ఎడిటర్ అందులో ప్రతి నొక్కుడునీ దాచుకుంటుంది, రాసినవీ చెరిపినవీ. అన్‌డూ నొక్కుతూ పోతే ఫైలు పుట్టిన క్షణందాకా వెనక్కి నడవొచ్చు. మళ్లీ ముందుకీ రావొచ్చు. దారిలో ఒక్క కొత్త అక్షరం కొడితే మాత్రం ముందుకొచ్చే దారి మూసుకుపోతుంది.

వెనక్కి నడిచాను. మామగారు రాసిన చిన్నతాతలూ వాళ్ల పిల్లలూ ఒక్కొక్కరే మాయమయ్యారు. పడి, చెరిగి, పడి, చెరిగి, తడుముకుంటూ రాసిన రాత. ఉన్నట్టుండి నా పేరు పోయింది. గీత ఒక్కటే మిగిలింది. ఇంకా వెనక్కి నొక్కాను. చాలాసేపు వేరే వంశాలు చెరిగాయి. తర్వాత నా పేరు మళ్లీ వచ్చింది.

“జూన్‌లో నేనే తీశాను,” అన్నారు మామగారు, కిటికీ వైపే చూస్తూ. “మట్టికి రాలేదని కోపం.”

“మళ్లీ పెట్టారు.”

“పెట్టాను. గీత పక్కన ఖాళీగా ఉంటే వాడు ఒంటరిగా కనబడ్డాడు, బిడ్డా.”

ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. పొయ్యిల దగ్గర ఎవరి మీదో కేకలేయడం వినబడింది.

ఇంకా వెనక్కి వెళ్లాను. మామగారి రాత అయిపోయింది. అక్కడినుంచి ఎర్నిస్ రాత. గుర్తుపట్టడానికి పేరు అక్కర్లేదు. ప్రతి పేరు తర్వాతా అక్కర్లేకుండా ఇంకో ఖాళీ కొట్టే అలవాటు అతనిది, అది నేను ప్రతి పుస్తకంలోనూ తిట్టుకుంటూ దిద్దేదాన్ని. ఆ ఖాళీలు ఒక్కొక్కటే వెనక్కి ముడుచుకున్నాయి. నా పేరు చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా పోయింది. ఎక్కడా ఆగలేదు. ఒక్క తడబాటు లేదు. గీత పోయింది. తన పేరు పోయింది. తండ్రి, తాత, ముత్తాత, అందరూ పోయి తెర తెల్లగా మిగిలింది.

ఇప్పుడు ముందుకి నడిచాను. ఎర్నిస్ టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

నేను నొక్కేది ఒకే కీ. కానీ తెర మీద పడుతున్నవి అతని వేళ్లు. తాతలు లేచారు. ఒక పేరు తప్పుకొట్టి చెరిపి మళ్లీ కొట్టాడు. తండ్రి పేరు, తన పేరు, ఖాళీ, ఇంకో ఖాళీ, పుట్టిన సంవత్సరం. గీత. నా పేరు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇంకో రెండు నొక్కుళ్లు మిగిలాయి.

మా ఇద్దరి పేర్ల కింద కొత్త వరస తెరిచాడు. ఒక మెట్టు లోపలికి జరిపాడు. పిల్లల పేర్లు రాసే చోటు అది. అక్కడ ఏమీ రాయలేదు. ఎడిటర్ మూసి, కారెక్కాడు.

మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మేమెప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు. తొందరేముంది అనేవాడు.

కర్సరు ఆ ఖాళీ మెట్టు మీద మిణుకుమిణుకుమంటోంది, నిరుడు అతను వదిలిన చోటే. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అతను లేచి వెళ్లిన కుర్చీ ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది. చిన్నదొర వచ్చి తినమని పిలిచాడు. తర్వాత తింటానన్నాను. ఇంకోసారి వచ్చి గుమ్మంలోంచే చూసి వెళ్లిపోయాడు. పొద్దెక్కి, బల్ల మీద వెలుగు ఈ చివర నుంచి ఆ చివరికి జరిగింది. అప్పటికి గాని ముందుకి నొక్కి, మామగారి రాతలన్నిటినీ దాటుకుని ఇవాళ్టి దగ్గరికి రాలేకపోయాను.

శనివారం ఊరంతా వచ్చింది. మధ్యాహ్నం ఆడవాళ్లు దుఃఖకాలం ముగిసిందని నా తలమీది నల్లగుడ్డ విప్పి తెల్లది కట్టారు. ఏడాది కట్టాల్సింది రెండ్రోజులే కట్టానని ఎవరూ అనలేదు. పోయినవాడి బట్టలు పంచే వేళ వచ్చింది. కోటు, టోపీలు అయ్యాక నా సంచిలోంచి బూట్లు తీసి ఎర్రగుర్రం మామ ముందు పెట్టాను.

“నాకొద్దు, బిడ్డా. నేను తగను,” అన్నాడు.

“అడుగు కొత్తది. ఈ చలికాలానికి గట్టిగానే ఉంటాయి.”

ఆయన అక్కడే కూర్చుని తొడుక్కున్నాడు. ఒక బూటు తాడు ముడి ఆయన వేళ్లకి పడకపోతే వంగి నేనే కట్టాను.

జనం వెళ్లాక మామగారు ల్యాప్‌టాప్ నా ముందుకి జరిపారు. ఎర్నిస్ పేరు పక్కన పుట్టిన సంవత్సరం ఉంది, రెండోది లేదు. వేసవంతా ఆయన దాని దగ్గరికి వచ్చి ఆగిపోయారట. నేను కొట్టాను. నాలుగు అంకెలే.

తర్వాత సెట్టింగులు తెరిచి ‘కొడుకు’ వరస తీసేశాను. ‘ఇంటిపెద్ద’ వరస మళ్లీ పెట్టాను.

“మరి మా తాతని ఏమని రాయను?” అన్నారు మామగారు.

“ఆయన పేరే రాయండి. మీరేమీ ఆయన కోడలు కాదు కదా.”

ఇప్పుడు బిష్కెక్‌లో కూడా నా అక్షరాలు అంత పెద్దవిగానే ఉన్నాయి. ఒక వంశం చూడటానికి తెర చాలాసార్లు జరపాల్సి వస్తుంది. చిన్నదొర వెళ్లిపోయేముందు ఇంటికి ఇంటర్నెట్ పెట్టించాడు. అప్పుడప్పుడు పొద్దున్నే తెరిస్తే అక్షరాల సైజు ఇంకొంచెం పెరిగి ఉంటుంది. మామగారి చూపు తగ్గుతోందన్నమాట. నేను తగ్గించను. మా వంశావళిలో ఎర్నిస్ వరస కింద, ఒక మెట్టు లోపలికి, ఆ ఖాళీ వరస అలాగే ఉంది. దాన్ని ఆయనా చెరపలేదు, నేనూ చెరపలేదు.